కౌముది బల్ల మీది వెలుతురు

పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతున్నాయి. పెరట్లో వైదేహి అత్తగారు మంగతాయారు తులసికోటకు నీళ్ళు పోస్తూ స్తోత్రం చదువుకుంటున్నారు. ముసురు పట్టి తెల్లవారినా వెలుతురు రాలేదు. తెనాలి కొత్తపేటలోని ఆ ఇంటి పక్కన ఎవరో మూడంతస్తులు లేపినప్పటి నుంచీ హాల్లోకి ఎండ పడటం మానేసింది. వైదేహి కూతురు కౌముది తొమ్మిదో తరగతి పుస్తకాలు ముందేసుకుని, హాలు మూల బల్ల దగ్గర, నెత్తిమీద మూడు చిన్న స్పాట్ లైట్లు వేసుకుని చదువుకుంటోంది.

ఆ లైట్లంటే కౌముది తండ్రి నాగార్జునకు ప్రాణం. బజార్లో అతనిది లైట్ల దుకాణం. కూతురి బల్ల మీద ఫాల్స్ సీలింగులో మొదట హాలోజన్ బల్బులు పెట్టించాడు. అవి నెత్తి మాడేంత వేడిగా ఉన్నాయని పిల్ల గోల పెడితే, ఆ వేసవిలోనే వాటిని తీసేసి, అదే హోల్డర్లలో కొత్తగా వచ్చిన ఎల్‌ఈడీ లైట్లు గుచ్చాడు. రెండు పిన్నులూ సరిగ్గా సరిపోయాయి. వేడి లేదు, కరెంటూ తక్కువే. ఇంటికొచ్చిన వాళ్ళందరినీ ఆ మూలకు తీసుకెళ్ళి చూపించేవాడు. అప్పుడప్పుడూ కౌముది, "లైట్లు అదురుతున్నట్టున్నాయి నాన్నా" అనేది. వోల్టేజీ అలా ఉందమ్మా అనేవాడు. తెనాలిలో వోల్టేజీ సంగతి తెలియనివాళ్ళెవరు? అందరూ సరే అనుకున్నారు.

కుర్చీ పడిన చప్పుడు విని వైదేహి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కౌముది నేలమీద ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కళ్ళు పైకి తేలిపోయాయి. మంగతాయారు తాళాలగుత్తి తెచ్చి పిల్ల చేతిలో కుక్కబోయారు. వైదేహి ఆమెను పక్కకు జరిపింది. కుర్చీని దూరంగా నెట్టి, తల కింద తన కొంగు మడిచి పెట్టి, వణుకు ఆగగానే పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నోట్లో నీళ్ళు పోయబోతున్న భర్తను చేత్తోనే ఆపింది. ఒక్క పొరపాటు లేకుండా, ఎప్పుడో నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చేసింది.

కౌముదికి తెలివి వచ్చింది. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. పిల్ల నిద్రపోయాక మంగతాయారు కోడలి ఎదురుగా కూర్చున్నారు.

"నీకివన్నీ ఎలా తెలుసు వైదేహీ?"

వైదేహి అబద్ధం చెప్పలేకపోయింది. రేపల్లెలో తన తమ్ముడు రాఘవకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని చెప్పింది. పదకొండేళ్ళప్పుడు కాలవలో పడి పోయాడని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. గట్టు మీద నడుస్తుంటే ఫిట్స్ వచ్చి పడిపోయాడన్నది మాత్రం ఆవిడకు తెలియదు.

"అంటే మీ వంశంలో ఉందన్నమాట. దాచిపెట్టి పెళ్ళి చేశారన్నమాట."

వైదేహి భర్త వైపు చూసింది. పెళ్ళిచూపుల తర్వాత నాగార్జున ఒక్కడే రేపల్లె వచ్చినప్పుడు, తమ్ముడి సంగతి మొత్తం తనే అతనికి చెప్పింది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యమంది. అతను నవ్వి, నాకు తెలిసింది కదా, అమ్మకు చెప్పక్కర్లేదు, ఆవిడ ఊరికే భయపడుతుంది అన్నాడు. ఆ నవ్వు చూసే వైదేహి అతన్ని చేసుకుంది. ఇప్పుడు ఆ ఒక్క మాట అతను అంటే చాలు.

నాగార్జున తల వంచుకుని, డాక్టరు రాసిచ్చిన మందులు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

వైదేహి తనంతట తాను చెప్పలేదు. చెబితే తల్లీకొడుకుల మధ్య చిచ్చు పెట్టినట్టవుతుంది. పైగా, అది అతను చెబితేనే బాగుంటుంది. ఇవాళ కాకపోతే రేపు చెబుతాడు అనుకుంది. రోజులు గడిచాయి. అతను చెప్పలేదు.

మాత్రలు వేస్తూనే ఉన్నారు. అయినా ఆ నెలలో మరో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఇంట్లోనే. మంగతాయారు కోడలితో మాట్లాడటం తగ్గించేశారు. బయట ఎవరికీ తెలియకూడదని మాత్రం గట్టిగా చెప్పారు. పిల్ల భవిష్యత్తు ఏమవుతుందని ఆవిడ భయం. కౌముది బడి మానేస్తే పచ్చకామెర్లని చెప్పించారు. ఎదురింటి అంకమ్మ పలకరించడానికి వస్తే గుమ్మంలోంచే పంపేశారు. వైదేహి పిల్ల పక్కనుంచి కదలడం మానేసింది. స్నానాల గది తలుపు గడియ వెయ్యనిచ్చేది కాదు. గిన్నె జారిపడినా గుండె ఆగిపోయేది. కళ్ళు మూసుకుంటే కాలవగట్టు, గట్టు మీద తమ్ముడి చెప్పులు.

బాపట్ల నుంచి నాగార్జున అక్క సీతారావమ్మ వచ్చింది. మంచి మనిషే, కానీ ఏదైనా అనుకుంటే వెంటనే చేసెయ్యాలి. ఆమె భర్త శేషగిరిరావు అక్కడ కాలేజీలో లెక్చరరు. పిల్లల్లేరు. కొన్నాళ్ళు కౌముదిని తన దగ్గర ఉంచుకుంటానంది. గాలి మార్పు ఉంటుందంది. మంగతాయారు వెంటనే సరేనన్నారు. నాగార్జున కూడా తలూపాడు. కౌముది తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది వైదేహే.

బాపట్లలో పిల్లకు ఒక్కసారి కూడా రాలేదు.

ప్రతి ఆదివారం వైదేహి పాసింజరు ఎక్కి వెళ్ళేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూతురి పక్కనే ఉండేది. ఒకసారి అందరూ కలిసి సూర్యలంక సముద్రతీరానికి వెళ్ళారు. కౌముది అలల్లో అడుగు పెట్టబోతే వైదేహి కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. పిల్ల బుగ్గలు నిండుతున్నాయి. నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తుంటే సంతోషమూ, దాని వెనకాలే చెప్పలేని బాధా. ఇక్కడ నవ్వుతున్న పిల్ల నా దగ్గర ఎందుకు కొట్టుకుంది?

దీపావళి ముందు కౌముది పుట్టినరోజు వచ్చింది. సీతారావమ్మ వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. వైదేహి బొబ్బట్లు చేసింది. సాయంత్రం, మళ్ళీ తన బల్ల దగ్గర కూర్చోవాలనిపించిందని కౌముది లైట్లు వేసుకుని ఏదో బొమ్మ గీసుకుంటోంది. అక్కడే పడిపోయింది. ఈసారి బల్ల అంచు తగిలి కనుబొమ పైన చీరుకుపోయింది. వైదేహి జాకెట్టంతా కూతురి రక్తం.

కుట్లు వేయించుకొచ్చాక సీతారావమ్మ మెల్లగానే మాట్లాడింది. ఆ మెల్లదనమే వైదేహిని ఎక్కువ కోసింది.

"చూశావుగా వైదేహీ. నా దగ్గర ఒక్కనాడూ రాలేదు. ఇక్కడికొచ్చిన పూటే వచ్చింది. దాన్ని ఇంక నా దగ్గరే ఉంచుకుంటాను. బళ్ళో కూడా చేర్పిస్తాను. నువ్వు కూడా కొన్నాళ్ళు రాకు. నీ భయం దానికి ఎక్కుతోందమ్మా."

"అలాగే వదినా" అంది వైదేహి.

ఆమె ఏడుస్తుందనీ, వాదిస్తుందనీ అందరూ అనుకున్నారు. ఆమెకు అప్పటికే ఆ మాట నిజమనిపించింది. తన రక్తంలో ఉన్నదేదో తమ్ముణ్ణి తీసుకుపోయింది, ఇప్పుడు కూతురి దగ్గరికి వచ్చింది. తను దూరంగా ఉంటే పిల్ల బతుకుతుందంటే, అంతకన్నా కావలసిందేముంది? మర్నాడు కౌముదిని బాపట్ల పంపించాక, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని రేపల్లె బయల్దేరింది. నాగార్జున స్టేషను దాకా వచ్చాడు. రైలు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయి, జాగ్రత్త అన్నాడు.

రేపల్లెలో తండ్రి చంద్రశేఖరం రిటైరైన సైన్సు మాస్టారు. కూతుర్ని చూసి ఏమీ అడగలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసి లేచేసరికి వైదేహి ఇంట్లో లేదు. ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ దగ్గరికి వెళ్ళారు.

వైదేహి మెట్ల మీద, నీళ్ళకు బాగా దగ్గరగా నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. ఆయన గట్టిగా పిలవలేదు. మెల్లగా దిగి, ఆమె మోచెయ్యి పట్టుకుని, పై మెట్టు మీద కూర్చోబెట్టారు.

"నేను లేకపోతే దానికి బాగుంటుంది నాన్నా" అంది వైదేహి. అని, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా చెప్పుకుంది. అత్తగారన్న మాట, ఆడపడుచన్న మాట, భర్త అనని మాట.

ఆయన రాఘవ గురించి చెప్పారు. వాడికి బళ్ళో వచ్చేది, బజార్లో వచ్చేది, నిద్రలో వచ్చేది. ఇక్కడ వస్తుంది, అక్కడ రాదు అని ఎప్పుడూ లేదు.

"దీనికి ఇంట్లోనే వస్తోందంటున్నావు. బాపట్లలో లేనిది తెనాలిలో ఏముంది?"

"నేను."

"ప్రతి ఆదివారం నువ్వు బాపట్ల వెళ్ళావు కదమ్మా. రోజంతా దాని పక్కనే ఉన్నావు. మరి అప్పుడు ఎందుకు రాలేదు?"

వైదేహి తండ్రి ముఖంలోకి చూసింది. ఇన్ని వారాలుగా ఎవరూ అడగని ప్రశ్న అది. తనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ ఇంట్లో అన్ని గదులూ, వంటిల్లూ, మంచమూ కళ్ళ ముందు తిప్పుకుంది. ఒక్కసారి కూడా పిల్ల వంటింట్లో పడిపోలేదు. పెరట్లో పడిపోలేదు. నాలుగుసార్లూ ఆ బల్ల దగ్గరే. నాలుగుసార్లూ లైట్లు వెలుగుతున్నాయి. కరెంటు కోత ఉన్న సాయంత్రాల్లో కిరోసిన్ దీపం పెట్టుకుని ఎంతసేపు చదివినా ఏమీ కాలేదు.

లైట్లు అదురుతున్నట్టున్నాయి నాన్నా, అనేది పిల్ల.

మర్నాడు మొదటి రైలుకే తెనాలి వచ్చేసింది. నాగార్జున దుకాణానికి వెళ్ళాడు. మంగతాయారు గుడికి వెళ్ళారు. వైదేహి హాలు తలుపులు మూసి, లైట్లు వేసి, కూతురి కుర్చీలో కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆ కుర్చీలో తను ఒక్కసారి కూడా కూర్చోలేదు. పెద్దవాళ్ళంతా ఆ వెలుతురు కింద నుంచి నడిచి వెళ్ళినవాళ్ళే. నున్నటి కాగితం ఉన్న పుస్తకం తెరిచి ముందు పెట్టుకుంది. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి, కాగితం మీద వెలుతురు నిలకడగా లేదని కనిపించింది. వణుకుతోంది. తగ్గి పెరుగుతోంది, మళ్ళీ తగ్గుతోంది. ఒక స్టీలు గరిటె తెచ్చి లైట్ల కింద అటూ ఇటూ ఆడించింది. గరిటె ఒకటిగా కదల్లేదు. ముక్కలు ముక్కలుగా, ఇక్కడో గరిటె అక్కడో గరిటె అన్నట్టు కనిపించింది. పెరట్లో ఎండలోకి తీసుకెళ్ళి ఆడించింది. అక్కడ అలా లేదు.

తిరిగొచ్చి మరికాసేపు కూర్చునేసరికి ఆమెకు తలపోటు మొదలైంది. నా పిల్ల గంటలకు గంటలు దీని కింద కూర్చుంది, అనుకుంది.

నాగార్జున భోజనానికి వచ్చాడు. ఆమెను చూసి ముఖం వెలిగింది, అంతలోనే ఆమె చూపు చూసి ఆగిపోయాడు. వైదేహి జరిగింది చెప్పింది. అతను ఒప్పుకోలేదు. లైట్లకి ఫిట్స్ రావడమేమిటన్నాడు. ఊళ్ళో ఎంతమంది ఇళ్ళల్లో పెట్టానో తెలుసా అన్నాడు. కొత్తవి, మంచివి, తన చేత్తో ఎంచి తెచ్చినవి అన్నాడు.

"నా రక్తం అంటే ఒక్క మాట మాట్లాడకుండా నమ్మారు. మీ లైట్లు అంటే ఇన్ని మాటలు వస్తున్నాయేమండీ?"

వైదేహి సీలింగు వైపు వేలు చూపించింది.

"పైకెక్కి చూడండి. అవి ఎందుకు వణుకుతున్నాయో నాకు చెప్పండి. వోల్టేజీ అని మాత్రం చెప్పకండి."

అతను నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సీలింగు పలక ఒకటి జరిపి, లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ బయటికి లాగాడు. ఇంటి కరెంటును ఆ చిన్న లైట్లకు తగ్గట్టు పన్నెండు వోల్టులకు దించే డబ్బా అది. హాలోజన్ బల్బుల కోసం పెట్టిందే ఇంకా ఉంది. దాని మీద అంటించిన కాగితం చదివాడు. నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు.

"ఏముంది?" అంది వైదేహి.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరికో చెబుతున్నట్టు, నేల వైపు చూస్తూ. ఇది కనీసం ఇరవై వాట్లు లాగే బల్బులుంటేనే సరిగ్గా నడుస్తుంది. పాత హాలోజన్లు ఒక్కోటే అంతకన్నా ఎక్కువ లాగేవి. ఈ కొత్తవి మూడూ కలిసి తొమ్మిది వాట్లు. చాలక ఇది ఆగిపోతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగిపోతుంది. బల్బు పిన్నులు హోల్డరుకు సరిపోయాయి కాబట్టి సరిపోయిందనుకున్నాను. వెనకాల దీనికి కరెంటిచ్చేది సరిపోతుందో లేదో చూడలేదు. నాకు తెలుసు. అమ్మేవాణ్ణి, తెలియకపోవడమేంటి. చూడలేదు.

గుడి నుంచి వచ్చిన మంగతాయారు ప్రసాదం గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నారు. కొడుకు కళ్ళల్లో నీళ్ళు చూసి కంగారుగా దగ్గరికొచ్చారు. నువ్వేం చేశావురా, నీకేం తెలుసు, వాళ్ళ వంశంలో ఉన్నదానికి నువ్వెందుకు ఏడుస్తావు అంటున్నారు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు నాగార్జున. "పెళ్ళికి ముందే వైదేహి నాకంతా చెప్పింది. నీకు చెప్పొద్దన్నది నేను. నువ్వు దాన్ని అన్ని మాటలంటుంటే నోరు మూసుకున్నదీ నేనే. ఇప్పుడు ఈ లైట్లు పెట్టిందీ నేనే."

మంగతాయారు గిన్నె బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకున్నారు. వైదేహి చెయ్యి చాచి స్విచ్చి కట్టేసింది.

ఆ వారంలోనే కౌముదిని గుంటూరులో నరాల డాక్టరుకు చూపించారు. వైదేహి లైట్ల సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. తలకు వైర్లు అంటించి, మెరిసే దీపం ముందు కూర్చోబెట్టి పరీక్ష చేశారు. దీపం వేగం పెంచేసరికి పిల్ల చెయ్యి ఎగిరిపడింది. ఆయన వెంటనే ఆపేశారు. వణికే వెలుతురు ఈ అమ్మాయికి పడదని చెప్పారు. అయితే లైట్లు తీసేసినంత మాత్రాన అంతా పోయినట్టు కాదనీ, ఆ గుణం శరీరంలో ఉందనీ, మందులు కొన్నేళ్ళు వాడాల్సిందేననీ చెప్పారు. అది తల్లి వైపు నుంచి వచ్చిందా అని మంగతాయారు అడిగారు. ఎవరి వైపు నుంచో చెప్పలేమమ్మా, ఎవరి వైపునా లేకపోయినా వస్తుంది అన్నారాయన.

వైదేహికి అది పూర్తిగా ఊరటా కాదు, పూర్తిగా శిక్షా కాదు. కానీ శత్రువు ఎవరో తెలిసింది. అది తను కాదు.

కొత్త సరంజామా కోసం నాగార్జున విజయవాడ వెళితే వైదేహి కూడా వెళ్ళింది. ఈసారి ఆమె ప్రతిదీ అడిగింది. ఈ డబ్బా ఎల్‌ఈడీలకేనా, ఎన్ని వోల్టులిస్తుంది, మన లైట్లన్నీ కలిసి లాగేదానికి ఇది సరిపోతుందా, మరీ అంచున కాకుండా కాస్త ఎక్కువే ఇస్తుందా, నిలకడగా ఇస్తుందా. లైటు ముందు చల్లగా ఉన్నా వెనకవైపు వేడెక్కుతుందని చెబితే, వెనకాల గాలి ఆడే ఫిట్టింగులే ఎంచింది. దుకాణంలోనే అన్నీ కలిపి వెలిగించమని, దాని కింద చాలాసేపు పుస్తకం పెట్టుకుని కూర్చుంది. నాగార్జున పక్కనే నిలబడ్డాడు, ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఊరికొచ్చాక, తను అలాగే పాత డబ్బాలకు కొత్త లైట్లు తగిలించిన ఇళ్ళన్నిటికీ తనే వెళ్ళి మార్చి వచ్చాడు. ఎందుకు మారుస్తున్నాడో దాచకుండా చెప్పాడు.

బాపట్ల నుంచి కౌముదిని సీతారావమ్మే తీసుకొచ్చింది. వైదేహి చేతులు పట్టుకుని, తొందరపడి అన్నానమ్మా, కావాలంటే నువ్వూ నన్ను రావద్దను, ఊరుకుంటాను అంది. వదినా, పిల్ల మీ దగ్గర నవ్వింది, అది నేను మరిచిపోను అంది వైదేహి.

నాగార్జునను క్షమించడానికి మాత్రం ఇంకా కాలం పట్టింది. ఒక సాయంత్రం కౌముది ఆ బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటుంటే, తల్లీతండ్రీ ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. వెలుతురు పుస్తకం మీద కదలకుండా పరుచుకుని ఉంది. నాగార్జున మెల్లగా అన్నాడు. "ఆ రోజు చెప్పి ఉండాల్సింది." "అవునండీ, చెప్పి ఉండాల్సింది" అంది వైదేహి. అంతే. కానీ పక్కకు జరగలేదు.

మళ్ళీ బడికి పంపే రోజు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌కు ఉన్నదున్నట్టు చెప్పి వస్తానని వైదేహి అంది. పిల్ల పడిపోతే ఏం చెయ్యాలో టీచర్లకు తెలియాలి, కౌముదికీ తెలియాలి. మంగతాయారు ఏమీ అనకుండా వాకిట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడకు ఇష్టం లేదేమోననుకుని వైదేహి వంటింట్లో క్యారేజీ సర్దుతోంది.

వాకిట్లోంచి ఎదురింటి అంకమ్మ గొంతు వినిపించింది. పాపకి కామెర్లు తగ్గాయా అమ్మగారూ అని అడుగుతోంది. వైదేహి చేతిలో గరిటె ఆగిపోయింది.

"కామెర్లు కాదు అంకమ్మా" అన్నారు మంగతాయారు. "మా మనవరాలికి ఫిట్స్ వస్తున్నాయి. మందులు వాడుతున్నాం. వస్తే తాళాలు, నీళ్ళు ఏమీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, అంతే. మా కోడలు నేర్పింది. నువ్వు కూడా తెలుసుకుని ఉండు, బజార్లో ఎక్కడైనా నీ కళ్ళ ముందు పడితే నువ్వూ చూడాలి కదా."

వైదేహి వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. కాలవ దగ్గర కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. కౌముది యూనిఫారంతో వచ్చి, తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, ఏమైందమ్మా అని అడుగుతోంది. వైదేహి చెప్పలేక, కూతురి నెత్తి మీద గడ్డం ఆనించుకుని, అలాగే ఏడుస్తూ ఉండిపోయింది.